వదిలిన చెయ్యి

నాకు జాగ్రత్త ఎక్కువని మా ఇంట్లో వేళాకోళం. ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకు ప్రమాదాల గురించి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ఆ నోరు ఇంటికొచ్చినా ఊరుకోదు. సముద్రం చూడ్డానికి బయల్దేరిన దగ్గర్నుంచి చెల్లెలి చెవిలో జోరీగలా పోరుతూనే ఉన్నాను. లాడ్జి గది గడియ రెండుసార్లు చూడమన్నాను. ఎర్రజెండా ఉన్నవైపు వెళ్లొద్దన్నాను. నీళ్లు మోకాలు దాటకూడదన్నాను.

"అన్నయ్యా, నువ్వు తోడుంటే పోలీసులు కూడా దండగే," అంది చెల్లెలు.

"నవ్వు నవ్వు. రేపు ఏదైనా అయితే నా దగ్గరికే పరుగెత్తుకొస్తావు."

ఏడేళ్ల మేనకోడలి చెయ్యి పట్టుకుని నేనే నీళ్లలోకి దిగాను. జెండా పచ్చదే. నీళ్లు మోకాలు దాటలేదు. ఇంతలో మనిషెత్తు అల ఒకటి లేచింది. పిల్ల చెయ్యి వదిలేసి ఒడ్డుకు పరుగెత్తాను. చెయ్యి జారలేదు, అల లాగెయ్యలేదు. నేనే వదిలాను. ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకుందామన్నా అంతే.

వెనక్కి తిరిగేసరికి పిల్ల కనబడలేదు. నేను కొయ్యబారిపోయి నిలబడ్డాను. కాపలా ఉన్న గజఈతగాడు దూకి, జుట్టు పట్టి పైకి తెచ్చాడు. పిల్ల దగ్గింది, నీళ్లు కక్కింది, ఏడ్చింది. గండం గడిచింది. ఒడ్డున సంచిలో తువాలు వెతుకుతున్న చెల్లెలు, ఈల మోగేదాకా ఇటు చూడనే లేదు.

గదికొచ్చాక చెల్లెలి భయమంతా కోపమైంది.

"మామయ్య చెయ్యి ఎందుకు వదిలావే? లక్షసార్లు చెప్పాడు కదా!"

"జారిపోయిందేమో అమ్మా," పిల్ల వెక్కుతూ నావైపు చూసింది. "సారీ మామయ్యా."

ఊరుకుంటే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. ఒక్క నిమిషం ఊరుకున్నాను కూడా. ఆ నిమిషంలోనే చెల్లెలు పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

"కొట్టకే. వదిలింది అది కాదు, నేను. భయపడి వదిలేసి పారిపోయాను."

చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "చూశావా, మామయ్య ఎంత మంచివాడో," అంది కూతురితో. "నిన్ను కొడుతున్నానని తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు."

కాదే, నిజమే చెబుతున్నాను, అనాలి. మాట నోటిదాకా వచ్చింది. పిల్ల తడికళ్లతో నావైపు చూసి నవ్వింది. మాట మింగేశాను. ఆ కాస్త మంచిపేరు కూడా ఉంచేసుకున్నాను, సిగ్గులేనివాణ్ణి.