కాలవ పుదీనా ఎవరికి పడదు

"ఆ మూత కాస్త తియ్యి. వాసన ముందుగదిలోకి రావాలి," అన్నాడు మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడి.

"మూత తీస్తే ఘాటంతా ఆవిరిలో పోతుందండీ," అంది ఆయన భార్య.

"ఒక్క నిమిషానికి ఏం కాదులే," అంటూ ఆయనే వచ్చి మూత ఎత్తి పక్కన పడేసి, వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. మూత లోపల పట్టిన నీటి బొట్లు గట్టు మీదికి కారిపోయాయి. ఆ బొట్లను జాగ్రత్తగా మళ్ళీ గిన్నెలోకే వంచాలి, ఆకులో ఉన్న సారమంతా వాటిలోనే ఉంటుంది. ఈ సంగతి మాస్టారికి తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు. కానీ ఈ టీ గురించి ఏం అడగాలన్నా చుట్టుపక్కల అందరూ అడిగేది మాస్టారినే.

వచ్చినవాళ్ళు గ్రంథాలయం తాలూకు మనుషులు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం అడవి పుదీనా టీ ప్రయోజనాల గురించి, తయారీ గురించి మాస్టారు మాట్లాడాలట. అరవై మంది దాకా వస్తారట. "మేడమ్ టీ సంగతి చూసుకుంటే చాలు," అన్నాడు కార్యదర్శి కప్పు అందుకుంటూ. "అదెంత పని ఆవిడకి!" అన్నాడు మాస్టారు. బడిలో సైన్సు చెప్పే మనిషి, మాట గంభీరంగా ఉంటుంది, ఆయన "అదెంత" అంటే నిజంగానే ఏమీ కాదనిపిస్తుంది వినేవాళ్ళకి.

అదెంత పనో ఆమె నడుముకి తెలుసు. తపాలా ఆఫీసు వెనక మురుగు కాని మంచినీటి కాలవ ఒకటుంది. దాని గట్టు మీద ఎవరూ నాటకుండానే పరుచుకున్న మొక్క అది. పుదీనాలాగే ఉంటుంది, కాడ నాలుగు పలకలుగా కాస్త ఊదారంగులో ఉంటుంది, నలిపితే పెప్పర్‌మింట్ బిళ్ళ వాసన. మంచు ఆరాక, ఎండ ముదరక ముందు కోయాలి. పూత రాకముందే కోయాలి. కడిగి, చిన్న చిన్న కట్టలు కట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీయాలి. ఎండలో పెడితే గడ్డే మిగులుతుంది. పట్టుకుంటే గలగలలాడేదాకా ఆరనిచ్చి, నల్లబడ్డవి ఏరేసి, ఆకు ఆకూ కాడ నుంచి దూయాలి. ఇదంతా ఆఫీసులో ఎనిమిది గంటలు నిలబడి ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగానికి ముందూ వెనకా జరగాలి. ఆ ఆఫీసులోనూ ఆమెతో పాటు నలుగురు మగవాళ్ళు అదే పని చేస్తారు. పైఅధికారి తనిఖీకి వచ్చిన రోజున మాత్రం, "మీ చేత్తో ఆ టీ పెట్టండి మేడమ్, సారు ఫిదా అయిపోవాలి," అని ఆమెనే లేపుతారు. ఆమె తిరిగొచ్చేసరికి ఆమె బల్ల మీద ఉత్తరాల కుప్ప పెరిగి ఉంటుంది, దాన్ని తగ్గించడానికి ఎవరి చెయ్యీ రాదు.

కాపురానికొచ్చిన రెండో ఏడాది అత్తగారికి కడుపులో మెలిపెట్టే నొప్పి పట్టుకుంది. మందులు వాడినా మళ్ళీ వచ్చేది. ఆ రోజుల్లోనే ఆమె కాలి కింద ఈ ఆకు నలిగింది. మొదట మరగబెట్టి చేదు విషం చేసింది. నీళ్ళు మరిగాక దించి అప్పుడే ఆకు వేయాలనీ, మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు ముట్టుకోకూడదనీ తంటాలు పడి నేర్చుకుంది. "గడ్డీ గాదం ఇంటికి మోసుకొస్తావేం?" అన్నాడు అప్పటి మాస్టారు. అత్తగారి నొప్పి నెమ్మదించింది. తరవాత తోటి మాస్టారొకాయన తలనొప్పి తేలికపడింది. వేవిళ్ళతో అల్లాడుతున్న ఒకావిడకి వాంతి తగ్గింది. గడ్డీ గాదం కాస్తా "మా ఇంటి టీ" అయింది, ఇంకో రెండేళ్ళకి "నేను కొంత పరిశోధన చేశానులెండి" అయింది.

ఎవరైనా ఏదైనా గట్టి ప్రశ్న అడిగితే మాస్టారు ఒక్కసారి ఆమె వైపు చూస్తాడు. ఆమె కప్పులు సర్దుతున్నట్టు వంగి మెల్లగా జవాబు చెబుతుంది. ఆయన గొంతు సవరించుకుని దాన్నే పైకి చెబుతాడు. వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ ఎవరూ మాట్లాడుకోని ఏర్పాటు అది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ బెడిసికొట్టలేదు, అదే ఆమెకి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"ఆదివారం చెప్పాల్సింది నువ్వు కాస్త రాసిపెట్టు, నేను భాష దిద్దుకుంటాను," అన్నాడు. ఆమె నాలుగు పేజీలు రాసింది. కోత, ఆరబెట్టడం, కాచడం, ఏయే బాధలకి పనికొస్తుందో అన్నీ రాసింది. నాలుగో పేజీకి "ఎవరికి పడదు" అని పేరు పెట్టింది. గుండెల్లో మంట ఉన్నవాళ్ళకి మంట పెరుగుతుంది, పసిపిల్లలకి పట్టకూడదు, పాలిచ్చే తల్లుల్లో కొందరికి పాలు తగ్గిపోతాయి. ఆ చివరి వాక్యం రాసేటప్పుడు కలం ఆగింది.

కూతురు పుట్టినప్పుడు ఆమె ఈ టీ పుట్టెడు తాగింది. కావాలని కాదు. అత్తగారికి పూటపూటా చేసేది, మిగిలింది పారబోయడం ఎందుకని తాగేది. ఆ ఇంట్లో మిగిలినవన్నీ చేరే చోటు ఆమే కదా. మూడో వారానికి పాలు తగ్గాయి, నెలన్నరకి చుక్క లేదు. "పాలు పడని తల్లి కూడా తల్లేనా?" అంది అత్తగారు వచ్చినవాళ్ళందరి ముందూ. "నీకు మనసు పెట్టడం చేతకాదు, ఎప్పుడూ ఆఫీసు ధ్యాసే," అన్నాడు భర్త. పసిది రొమ్ము వదిలేసి తల అటు తిప్పుకుని ఏడ్చిన ఏడుపు ఆమెకి ఇప్పటికీ చెవుల్లో ఉంది. తన ఒళ్ళే తనని మోసం చేసిందనుకుంది. ఆ ఒంటిని అసహ్యించుకుంటూ చాలా ఏళ్ళు బతికింది. ఆరేళ్ళ తరవాత ఆరోగ్య కేంద్రంలో వరసలో కూర్చుని ఉండగా, పాలు ఎక్కువై గడ్డకట్టి బాధపడుతున్న ఒక తల్లితో నర్సు, "పెప్పర్‌మింట్ ఆకు టీ తాగు, పాలు తగ్గుతాయి," అనడం విన్నది. లేచి బయటికొచ్చి గోడకి ఆనుకుని ఎంతసేపు నిలబడిందో తెలియదు. ఆ సాయంత్రమే భర్తకి చెప్పింది. "ఇప్పుడు అది తవ్వుకుని ఏం లాభం?" అన్నాడాయన పరీక్ష పేపర్లలోంచి తల ఎత్తకుండా.

మాస్టారు నాలుగు పేజీలూ దిద్ది తిరిగిచ్చాడు. మూడు పేజీల్లో అక్కడక్కడా గీతలు. నాలుగో పేజీ మొత్తం ఎర్ర సిరాతో ఈ మూల నుంచి ఆ మూలకి కొట్టేసి, పిల్లల పేపర్ల మీద రాసినట్టే "అనవసరం" అని రాశాడు.

"ఇది తీసేస్తే ఎలా అండీ?"

"సభకి పిలిచి భయపెడతామా? మంచి మాట నాలుగు చెబితే నాలుగు కప్పులు తాగి వెళతారు. నీకన్నీ అనుమానాలే."

శనివారం మధ్యాహ్నం పసిబిడ్డ గుడ్డలు మడతపెట్టి మేడ మీదికి తీసుకెళ్ళింది. మరిది కాపురం పైన. తోడికోడలికి కాన్పయి నెల దాటింది. ఆ పిల్ల మంచం మీద కూర్చుని బిడ్డని ఒళ్ళో ఊపుతోంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కన బల్ల మీద ఫ్లాస్కు. మూత తీయక ముందే ఆమెకి వాసన తెలిసింది.

"ఇది ఎవరిచ్చారు నీకు?"

"బావగారక్కా. కడుపుబ్బరం అంటే రోజుకి నాలుగు కప్పులు తాగమన్నారు. ఆకు కూడా ఆయనే డబ్బా నిండా పంపించారు. పది రోజులైంది." ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. "పాలు చాలట్లేదక్కా. రెండు రోజులుగా మరీ లేవు. అత్తయ్య పొద్దున, 'మా ఇంటికొచ్చిన కోడళ్ళ రాతే ఇంత, పాలు పడవు,' అంది."

ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది. అంతా చెప్పింది. తన సంగతి కూడా. ఆ పిల్ల విని కన్నీళ్ళు తుడుచుకుని, "నాకు నీ మాట మీద నమ్మకముందక్కా," అంది. "కానీ బావగారితో ఒక్క మాట అనిపించు. ఆయన ఇచ్చింది నేను మానేస్తే అత్తయ్య ఊరుకోదు, మా ఆయన అసలే ఊరుకోడు. పెద్దవాళ్ళ మాటకన్నా నా మాటే ఎక్కువైందంటారు."

తెలిసిన మనిషి మాట చెల్లదు, తెలియని మనిషి నోట పడితే చెల్లుతుంది. ఈ ఇంటి పద్ధతి నెల బాలింతకి కూడా అర్థమైపోయింది. ఆమె కిందికి దిగి భర్తని అడిగింది. బతిమాలింది అనాలి.

"రేపు సభ పెట్టుకుని నేను తప్పు చెప్పానని ఇవాళ అనమంటావా?" అన్నాడు మాస్టారు చొక్కా ఇస్త్రీకి ఇస్తూ. "పాలు తగ్గడానికి సవాలక్ష కారణాలు. సభ అవనీ, చూద్దాం."

ఆమె చొక్కా ఇస్త్రీ చేసింది. చేస్తున్నంతసేపూ చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే వాటిని చూసి ఆమెకే ఒళ్ళు మండింది.

ఆదివారం గ్రంథాలయం హాలు నిండింది. ఆమె పక్క బల్ల దగ్గర పెద్ద గిన్నెలతో నిలబడింది. మాస్టారు బాగా మాట్లాడాడు. కోత గురించి ఆమె రాసిన వాక్యం దగ్గర చప్పట్లు కూడా పడ్డాయి. మూడో వరసలో అత్తగారు, పక్కనే బిడ్డతో తోడికోడలు. గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి ట్రేలతో అందరికీ కప్పులు అందించింది. వెనక నుంచి ఒకావిడ లేచింది.

"మాస్టారూ, మా కోడలు బాలింత. తాగొచ్చాండీ?"

మాస్టారు అలవాటుగా ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. స్పష్టంగా, రెండుసార్లు ఊపింది. ఆయన చూపు ఒక్క క్షణం అక్కడే నిలిచి, పక్కకి తప్పుకుంది.

"నిరభ్యంతరంగా తాగొచ్చమ్మా. మా మరదలే బాలింత. అదిగో, మూడో వరసలో. పది రోజులుగా తాగుతోంది."

అరవై తలలూ అటు తిరిగాయి. ఆ పిల్ల అందరూ చూస్తున్నారని బెదిరిపోయి, ఏం చేయాలో తోచక, చేతిలో కప్పు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆమె బల్ల వెనక నుంచి బయటికొచ్చింది. కుర్చీల మధ్య నుంచి నడిచి వెళ్ళి ఆ పిల్ల చేతిలోంచి కప్పు తీసుకుంది. భయం వేసింది, నిజంగా చాలా భయం వేసింది. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో, ఎన్నాళ్ళు మాటలుండవో అంతా ఆ నాలుగు అడుగుల్లోనే తెలిసిపోయింది. ఆ పిల్ల ఒళ్ళో బిడ్డ మాత్రం ఉత్తి పెదాలు చప్పరిస్తోంది.

"మా ఆవిడకి చల్లారిందని అనుమానం వచ్చినట్టుంది," అన్నాడు మాస్టారు మైకులో. కొందరు నవ్వారు.

"పాలిచ్చే తల్లులు దీన్ని ఇలా రోజూ తాగకూడదండీ," అంది ఆమె వెనక నిలబడ్డావిడతో. మైకు లేదు, అయినా గొంతు ఎక్కడా తడబడలేదు. "కొందరికి పాలు తగ్గిపోతాయి. మీ కోడలికి ఇవ్వకండి."

"ఇంటి మాటలు ఇంట్లో చూసుకుందాం, నువ్వెళ్ళు," అన్నాడు మాస్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్తగారు తలెత్తి పెద్దకోడలి ముఖంలోకి చూసింది, ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు. వెనకావిడ మాత్రం కూర్చోలేదు. ఆవిడకి తన కోడలి సంగతి తేలాలి.

"ఆయన తాగొచ్చంటున్నారు, నువ్వు వద్దంటున్నావు. నీకెవరు చెప్పారమ్మా?"

"నా పాలు ఎండిపోతే తెలిసిందండీ. మాస్టారు ఇంతసేపూ చెప్పిందంతా నేను చెప్పిందే, ఈ ఒక్కటీ ఆయన చెప్పనన్నారు."