బ్లాక్‌షియర్‌ను వదులుకున్న చలికాలం

ఆర్లెన్ జట్టు వరసగా మూడో ఏడు కూడా అట్టడుగున నిలిచింది. శుక్రవారం చేపల వేపుడు కోసం ఆష్‌లాండ్ ఊళ్లోని బార్లో చేరిన మిత్రులెవరూ ఆ సంగతి విని నవ్వలేదు. ఎగతాళి మానేశారంటే జాలి మొదలైందన్నమాట.

పన్నెండు మంది ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ అది. దేశంలోని అసలు ఆటగాళ్లను తలా కొందరిని తమ జట్టుకు రాసుకుంటారు. ఆదివారం వాళ్లు మైదానంలో ఎంత బాగా ఆడితే వీళ్లకు అన్ని పాయింట్లు. మిగతాచోట్ల ఏటేటా కొత్త జట్టు కట్టుకుంటారు. వీళ్లది డైనస్టీ. ఒకసారి తీసుకున్నవాడు, మార్పిడి చేసుకుంటే తప్ప, ఆట మానేసేదాకా నీవాడే. వేసవిలో కాలేజీల నుంచి వచ్చిన కుర్రాళ్లను వంతులవారీగా ఏరుకుంటారు. ఓడినవాడిది మొదటి వంతు. ఆ వంతునూ మార్పిడి చేసుకోవచ్చు. వయసు మీరినవాళ్లను ఇచ్చి కుర్రాళ్లను తెచ్చుకుని ఓపిక పడితే కూలిన జట్టు మళ్లీ లేస్తుంది.

ఆర్లెన్ జట్టును మొదట కట్టింది ఇద్దరు, అతనూ లోర్నా, పెళ్లయిన కొత్తలో. బ్లాక్‌షియర్ అనే పరుగువీరుణ్ణి ఎవరూ పట్టించుకోని రోజుల్లో పట్టుబట్టి తీసుకున్నది ఆమే. విడిపోయేటప్పుడు ఇల్లెవరికన్న మాట ఒక్కపూటలో తేలింది. జట్టెవరికన్నది వారమైనా తేలలేదు. చివరికి లోర్నాయే, "నువ్వే ఉంచుకో" అని, ఎవరో వదిలేసిన జట్టొకటి తీసుకుని ఓక్లేర్ అనే ఊరికి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటలంటే బేరాల మాటలే.

బార్లోంచి బయటికొచ్చి బండి అద్దం మీది మంచు గీకుతున్నప్పుడు, ఆ పన్నెండు మందిలో ఒకడైన డ్యూయీ పక్కన చేరాడు.

"ఒకటడుగుతా, కోప్పడకురా. లోర్నాతో తప్ప ఇంకెవరితోనైనా మార్పిడి చేశావా ఈ మూడేళ్లలో?"

"చేసే ఉంటాను."

"చేయలేదు. నీ మొదటి వంతులన్నీ ఆవిడకే పోశావు. నీకొచ్చినవన్నీ కుంటి గుర్రాలు. నువ్వు జట్టు కట్టట్లేదురా. ఫోన్ మోగుతుందని కూర్చున్నావు."

ఆర్లెన్ గీకుతూనే ఉన్నాడు. అద్దం ఎప్పుడో శుభ్రమైపోయింది.

అతనిది కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే ఉద్యోగం. మర్నాడంతా సరస్సు ఒడ్డు దారిలో మంచు తోస్తూ అదే మాట నమిలాడు. డ్యూయీ అన్నది నిజమే. తను పంపే బేరం ఎంత అన్యాయంగా ఉంటే లోర్నా అంత త్వరగా ఫోన్ చేసేది. "బుద్ధుందా నీకు" అని మొదలుపెట్టి, బేరం తేలాక మరో పావుగంట ఆ మాటా ఈ మాటా మాట్లాడేది. ఆ పావుగంట కోసమే కుర్రాళ్లందర్నీ ధారపోశాడు.

ఆ సాయంత్రం బ్లాక్‌షియర్‌ను డ్యూయీకి ఇచ్చి, రాబోయే రెండు వేసవుల్లో డ్యూయీకి రావాల్సిన వంతులు తీసుకున్నాడు. కబురు పన్నెండు ఫోన్లకూ వెళ్లింది. అతను బూట్లు విప్పేలోపే లోర్నా ఫోన్ వచ్చింది.

"బ్లాక్‌షియర్‌ని ఇచ్చేశావా?"

"ఇచ్చాను."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వడుగుతావు. అడిగితే ఇచ్చేస్తాను."

"బేరం మంచిదేలే," అంది లోర్నా. "వాడి మోకాలు ఇంకో ఏడాది నిలవదు. అయితే నాకిక ఏమీ పంపవన్నమాట."

"కొన్నాళ్లు పంపను."

"సరే," అంది. ఆ రోజు ఆ మాటా ఈ మాటా ఏవీ లేవు.

వేసవిలో డ్యూయీ గరాజులో అందరూ చేరారు. బయట పొయ్యి మీద సాసేజీలు కాలుతున్నాయి. లోర్నా రాలేదు. బల్ల మీద పెట్టిన ఫోన్లోంచి ఆమె గొంతు మాత్రం వినిపిస్తోంది. ఆర్లెన్ తన వంతులో, చిన్న కాలేజీ నుంచి వచ్చిన రస్క్ అనే బంతి పట్టేవాడి పేరు చెప్పాడు. కొందరు ముఖాలు చూసుకున్నారు.

"నేను వాడి కోసమే కాచుకున్నాను," అంది ఫోన్లోంచి లోర్నా. ఆ మాటకు అతనికి గర్వమూ వేసింది, ఆమె నోటికందినది లాక్కున్నట్టూ అనిపించింది.

రెండు చలికాలాలు ఓడుతూనే గడిచాయి. బ్లాక్‌షియర్ ఆట మానేసిన రోజున ఆర్లెన్ ఫోన్ చేతిలోకి తీసుకుని, లోర్నాకు ఏం రాయాలో తోచక పక్కన పెట్టేశాడు. మూడో ఏడు రస్క్ విరుచుకుపడ్డాడు. అతనితోపాటు డ్యూయీ ఇచ్చిన రెండో వంతులో దొరికినవాడూ అందుకున్నాడు. జట్టు ఫైనల్‌కు చేరింది. ఆ వారమే లోర్నా ఫోన్ చేసింది.

"గెలుస్తావు ఈసారి," అంది. "ఇంకో మాట. నా జట్టు వదిలేస్తున్నాను. ఎవరో ఒకరు చూసుకుంటారని డ్యూయీకి చెప్పాను."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. గ్లెన్‌తో ఆదివారాలు చేపలు పట్టడానికి వెళ్తున్నాను. స్కోర్లు చూడటమే మర్చిపోతున్నాను. మర్చిపోయానని మూడు రోజులకుగానీ గుర్తు రావట్లేదు."

గ్లెన్ ఎవరని అతను అడగలేదు. "మంచి జట్టు కట్టావు," అన్నాడు.

"సగం నీ కుర్రాళ్లేగా," అని చిన్నగా నవ్వి, మంచులో జాగ్రత్తగా నడుపు అని చెప్పి పెట్టేసింది.

ఆదివారం రస్క్ బంతితో రెండుసార్లు గోల్ గీత దాటాడు. ఆర్లెన్ గెలిచాడు. మర్నాడు మధ్యాహ్నం బార్లో డ్యూయీ గెలిచినవాడికిచ్చే కప్పును బల్ల మీద పెట్టి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"తృప్తేనా?"

"తృప్తే."

అది అబద్ధం కాదు. కానీ ఆ జట్టు మొదటి ఏడు ఎలా ఉండేదో ఎరిగినవాళ్లు, వంటింటి బల్ల దగ్గర బ్లాక్‌షియర్ పేరు మీద పోట్లాడుకున్నవాళ్లు, ఇద్దరే ఇద్దరు. ఆ రెండోమనిషికి ఈ గెలుపు చెప్పాలని అతని ప్రాణం కొట్టుకుంది, ఫోన్ మాత్రం జేబులోంచి తీయలేదు. మళ్లీ మంచు మొదలైందని ఎవరో అన్నారు. ఆర్లెన్ టోపీ పెట్టుకుని, కప్పును అక్కడే ఉంచి, మంచు తోసే బండి దగ్గరికి నడిచాడు.