పంతొమ్మిదో పేరు

ఎల్లాజీ పోయిన తొమ్మిదోనాడు పొద్దున్నే మత్స్యకార సొసైటీ ప్రెసిడెంటు నరసింగరావు ఒక కాగితం పట్టుకుని వచ్చి, వాకిట్లో కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఎల్లాజీ బావమరిది మురళీమోహన్ అతనికి మంచినీళ్ళిచ్చాడు. ఇచ్చానన్న సంగతి మరుక్షణం గుర్తు లేదు. ఈ తొమ్మిది రోజులూ అతని బతుకు అలాగే నడుస్తోంది. ఎవరో ఏదో అడుగుతారు, ఇస్తాడు. ఎవరో పిలుస్తారు, వెళతాడు. విస్తరి ముందు కూచోబెడితే తింటాడు. ఏడుపు మాత్రం రాదు. రావాలి కదా అని కూడా అనిపించదు.

"ఇదిగో బావూ, ఇక్కడో సంతకం ఎట్టాల నువ్వు," అన్నాడు నరసింగరావు. "గాలి వస్తాదని మెసేజి టయానికే ఎల్లింది, పదిహేడు తెప్పలు తిరిగొచ్చీసినాయి, ఎల్లాజీ ఒక్కడే మెసేజి సూసి కూడా రానేదు అనీసి రాసినాను. సాఫ్ట్‌వేరు నీదే గదా. నీ సంతకముంటే పైవోళ్ళు ఇంకేటీ అడగరు."

లోపలి గదిలో కూర్మమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె మురళికి అప్ప, అంటే తోడబుట్టిన అక్క, పోయిన ఎల్లాజీకి భార్య. ఆ మాట ఆమె చెవిన పడింది. చేట ఒక్క క్షణం కూడా ఆగలేదు.

నౌపడలో రైలు దిగి, ఉప్పుమడులు దాటి, సముద్రం అడ్డొచ్చేదాకా ఆటోలో పోతే వచ్చే పల్లె అది. పోయినేడు సొసైటీవాళ్ళు మురళిని పట్టుకున్నారు. విజయనగరంలో కంప్యూటర్ ఉద్యోగం వెలగబెడుతున్నావు, మనూరికి ఒక ఉపకారం చెయ్యమన్నారు. ఒడ్డు కనిపించేంత దూరంలో వల వేసుకునే చిన్న తెప్పలు మొత్తం పంతొమ్మిది. అంత దూరం దాకా ఫోను అందుతుంది. గాలి హెచ్చరిక రాగానే పంతొమ్మిది ఫోన్లూ గట్టిగా మోగాలి. అంతే కావాలి. మురళి రెండు ఆదివారాలు కూచుని రాసిచ్చాడు. కూర్మమ్మ వీధి వీధంతా తిరిగి మా తమ్ముడే చేశాడని చెప్పుకుంది.

అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. వచ్చిన కబుర్లు వరసగా నిలబడతాయి. లూపు అని, మళ్ళీ మళ్ళీ తిరిగే ప్రోగ్రాము ముక్క ఒకటి వాటిని ఒక్కొక్కటే అందుకుని, పక్కపక్కనే ఎవరి పని వాళ్ళు చేసుకునే థ్రెడ్లకి అప్పగించి, వెంటనే తర్వాతి కబురు కోసం చెయ్యి చాపాలి. అది తాను మాత్రం పనిలోకి దిగకూడదు. పెళ్ళి భోజనాల దగ్గర నిలబడి "మూడో బంతికి పప్పు" అని కేకేసే పెద్దమనిషి తానే గరిటె పుచ్చుకుని ఒక విస్తరి దగ్గర చతికిలబడితే మిగతా బంతులన్నీ ఎండుతాయి. ఈ ముక్క మురళికి తెలియనిదా? ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది అతనే.

కానీ ఊరి పని దగ్గరికి వచ్చేసరికి అతని చేత రాయించింది చదువు కాదు, ఊరే. గాలి లేచిన రోజున ఒడ్డున ఆడవాళ్ళు తెప్పల పేర్లు పిలిచి లెక్క చూస్తారు. ఒక పేరు పిలిచాక "ఓయ్" అని బదులు వచ్చేదాకా రెండో పేరు ఎత్తరు. ఎంతసేపైనా సరే, గొంతు పోయినా సరే. పేరు దాటేస్తే ఆ మనిషిని నోటితో చంపినట్టే. చంకలో ఉన్నప్పటి నుంచీ మురళి విన్న పిలుపు అది. అందుకే ప్రోగ్రాములోనూ అలాగే పెట్టాడు. ఒక ఫోనుకి పంపు, అందిందని బదులు వచ్చేదాకా ఆగు, తర్వాతే రెండోది. ఆ లూపే పంపాలి, ఆ లూపే కాచుకోవాలి. ఇంతసేపే ఆగు అని గడువు పెట్టలేదు. ఊరి మనిషిని గడువు పెట్టి వదిలెయ్యమని రాయడానికి చెయ్యి రాలేదు. కంప్యూటరు మహా బుద్ధిమంతురాలు, ఆగమన్నచోట ఆగుతుంది, ఎందుకని అడగదు.

పేర్లు ఎక్కించేటప్పుడు బావ పేరు చిట్టచివర పెట్టాడు. మన ఇంటివాళ్ళు ఆఖరి బంతిలోనే కదా కూచోవాలి. ఎల్లాజీ కూడా నవ్వి, "నాకేటి తొందర, అందరికీ పెట్టినాకే పెట్టు," అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం రెండూ పదికి హెచ్చరిక వచ్చింది. పదిహేడు ఫోన్లు మోగాయి, పదిహేడు తెప్పలు వెనక్కి తిరిగాయి. పద్దెనిమిదోవాడు ధనరాజ్‌కి జ్వరం. వేటకే వెళ్ళలేదు, ఫోను కట్టేసి పడుకున్నాడు. లూపు అతని గుమ్మం దగ్గర నిలబడిపోయింది. నాలుగింటికి గాలి విరుచుకుపడింది. అయిదూ నలభై ఆరుకి ధనరాజ్ లేచి ఫోను వేశాడు. అయిదూ నలభై ఏడుకి పంతొమ్మిదో ఫోనుకి కబురు బయల్దేరింది. అప్పటికి ఆ ఫోనూ లేదు, మనిషీ లేడు. సొసైటీ ఆఫీసు తెర మీద మాత్రం పంతొమ్మిది పేర్ల పక్కనా పచ్చటి టిక్కులు పడ్డాయి. కబురు పంపితే చాలు, అందకపోయినా టిక్కు పడుతుంది. పంపిన వేళ ఆ తెర చూపించదు. అది, ఏది ఎప్పుడు జరిగిందో ప్రోగ్రాము రాసిపెట్టుకునే లాగ్ ఫైలులో ఉంటుంది. లాగ్ ఫైలు చూడగలిగినవాడు మురళి ఒక్కడే.

మూడోనాడు చూశాడు. అక్కడే కూచుని తప్పు దిద్దేశాడు. ఒక్కో తెప్పకీ ఒక్కో థ్రెడ్డు, పంపినవాడు కాచుకుంటే కాచుకోనీ, లూపు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. మొత్తం ఇరవై నిమిషాల పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పరీక్షించి చూసుకుంటే పంతొమ్మిదీ ఒక్క క్షణంలో వెళ్ళాయి. ల్యాప్‌టాప్ మూసేసి వెళ్ళి, పిలిచినవాళ్ళకి టీలు అందించాడు.

ఈలోగా ఊరు తన తీర్పు తాను చెప్పేసింది. చేపలకి ఆశపడ్డాడు, మెసేజి చూసి కూడా ఇంకో వల వేశాడు, పోయాడు. పోయినవాడు లేచొచ్చి కాదనలేడు కదా. అందరికంటే గట్టిగా నమ్మింది కూర్మమ్మ. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. మొగుడి ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు. "నన్నూ పిల్లలనీ ఒగ్గీసి సేపలే కావాలనుకున్న మనిసికి దండేటి?" అంది. ఫొటోని గోడవేపు తిప్పి పెట్టింది. ఆ మాట విన్నప్పుడైనా మురళి నోరు పెగలాలి. పెగల్లేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే నీళ్ళ బిందెలు మోశాడు.

"సూస్తావేటి, పెట్టు," అని నరసింగరావు పెన్ను చేతిలో పెట్టాడు.

మురళి పెన్ను పట్టుకున్నాడు. కాగితం మీద "చూసి కూడా" అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది. దాని కింద తన పేరు రాస్తే బావ ఆ మాటతోనే మిగిలిపోతాడు. రేపు పిల్లలు పెద్దవాళ్ళయినా వాళ్ళ నాన్న చేపల కోసం చచ్చినవాడే.

"ఇది తప్పు," అన్నాడు మురళి. "బావకి మెసేజి ఎల్లనేదు."

"టిక్కు పడింది గదరా?"

"టిక్కు అయిదూ నలభై ఏడుకి పడింది. రెండూ పదికి ఎల్లాల్సింది. ధనరాజ్ ఫోను కట్టేసుంటే నా ప్రోగ్రాము అక్కడే ఆగిపోయింది. అలా ఆగేలా రాసింది నేనే. ఆడి తప్పు కాదు, ఫోను తప్పు కాదు. నాదే."

చెబుతున్నంతసేపూ ఇంకెవరి సంగతో చదివి వినిపిస్తున్నట్టుంది.

నరసింగరావు లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఒరే, ఎవులికి తెలుస్తాదిరా? పోయినోడు ఎలాగూ పోయినాడు. నీ బతుకెందుకు పాడుసేసుకుంతావు?"

చేట చప్పుడు ఆగింది. కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తమ్ముడి మొహంలోకి చూసింది.

"అయితే ఆయన సూడనేదా?"

"నేదప్పా."

"గాలి నాలుక్కే వచ్చీసింది."

"ఊఁ."

"మళ్ళీ సెప్పు. సూసి ఉండిపోనేదు గదా?"

"నేదప్పా. తెలిస్తే వచ్చీసేవోడే."

కూర్మమ్మ గుమ్మానికి చేరగిలబడి అలాగే కిందికి జారిపోయింది. "ఎంతలేసి మాటలన్నానయ్యా నిన్ను!" అని నెత్తి కొట్టుకుంది. తొమ్మిది రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆమె వాళ్ళ చేతులు పట్టుకుని, "మా ఆయన సూడనేదే, ఆయనకి తెలీదే, తెలిస్తే వచ్చీసేవోడే," అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఆ ఏడుపులో ఏదో సంతోషం కూడా ఉంది. మొగుడు ఆమెకి తిరిగి దక్కాడు.

నరసింగరావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మురళి లేచి అప్ప దగ్గరికి రెండడుగులు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు. నీ మీద కోపం నాకు వస్తాది, రాకుండా పోదు. రేపు వస్తాదో, ఎల్లుండి వస్తాదో. ఈయేళ నన్ను ఆయన కోసం ఏడవనీ."

మురళి వెనక్కి వెళ్ళి వీధరుగు మీద కూచున్నాడు. లోపల ఏడుపు ఆగడం లేదు. ఇప్పుడే తిట్టేసినా, చెప్పుచ్చుక్కొట్టినా బాగుండుననిపించింది. రేపు ఆమె ఏడుపు తీరాక, తీరిగ్గా తన వేపు తిరిగి చూస్తుంది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి అతనికి భయం వేసింది.