ఏకవచనం

మునగాకు దూస్తూనే ఒళ్లో ప్రూఫు కాయితాలు దిద్దుతోంది హైమ. బరంపురం మీద సన్నటి వాన. ఆ చప్పుడుకి అక్షరాలు చేపపిల్లల్లా కదులుతున్నట్టున్నాయి. 'గోట్స్ ఈజ్' అని అచ్చు పడింది. మేకలు చాలా ఉన్నాయి కదా అనుకుని, 'ఈజ్' కొట్టేసి 'ఆర్' రాసింది.

ఆమె భర్త ఫణిభూషణ్‌కి ట్యూషన్ సెంటరుంది. అక్కడి పిల్లల కోసమని మూడేళ్లు, అత్తగారు కునుకు తీసే ఆ గంటన్నరలో, హైమ రాసింది ఈ ఇంగ్లీషు గ్రామరు పుస్తకం. నలభై రెండు పాఠాలు. గిరిసోల స్టేషన్లో రైలు కోసం చూసే జనం, పొలసర సంతలో మేకలు, అన్నీ ఉదాహరణల్లోకి నడిచొచ్చేవి. వాటి వెంట తనూ ఎటో పోయేది. కుక్కరు కూస్తేగాని ఇల్లు గుర్తొచ్చేది కాదు.

ఒళ్లో కాయితాలన్నిటికన్నా అడుగున పుస్తకం మొదటి పేజీ ఉంది. 'ఆథర్: ఫణిభూషణ్'. కింద, వేళకి టీ అందించిన భార్యకి కృతజ్ఞతలు.

భోజనాల దగ్గర అడిగింది. "నా పేరు లేదేటండీ?"

"బ్రెడ్ అండ్ బటర్ రెండైనా, కలిస్తే ఒకటే, 'ఈజ్' వస్తాదని నువ్వే రాసేవు కదా! మొగుడూ పెళ్లాం కూడా అంతే." తన తెలివికి తనే నవ్వుకుని, పెరుగు ఇలా తెమ్మన్నాడు.

"ఆడి పేరుంటే నీ పేరున్నట్టు కాదేటే?" అంది అత్తగారు అసిరమ్మ.

హైమ పెరుగు వేసింది. నిజమే, ఇద్దరు కలిస్తే ఒకరు. ఆ ఒకరెవరో మాత్రం పాఠంలో తను రాయలేదు. పదకొండేళ్లలో ఇద్దరూ ఒకటైన ప్రతిసారీ మిగిలింది ఆయనే. ఆ మాట మనసులో వానలాగే, తొందర లేకుండా, కురుస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ప్రూఫులు తనే ఇచ్చొస్తానని బయల్దేరింది. కాయితాలు కొంగు కింద దాచుకుని, గొడుగు కింద కల్లో నడిచినట్టు నడిచి ప్రెస్సు చేరింది.

ఆ పాఠాలన్నీ ఆమె చేతిరాత చూసి టైపు చేసిన పిల్ల సస్మిత. కంప్యూటర్లో మొదటి పేజీ తెరిచింది.

"ఇక్కడ నా పేరు రావాలమ్మా," అంది హైమ.

"ఎప్పుడు సెప్తారా అని సూస్తన్నాను అక్కా," అంది సస్మిత. వేళ్లు అప్పుడే మీటల మీదకెళ్లాయి. "ఇద్దరైతే 'ఆథర్'కి 'ఎస్' కలపాలి కదా?"

తెర మీద భర్త పేరుని హైమ చూసింది.

"ఎస్ అక్కర్లేదు," అంది. "పేరు మార్చు, చాలు."