గొర్రు పార్టీ ఆఖరి హాజరు

గొర్రు పార్టీ పేరు చెబితే హైదరాబాదులో నవ్వేవాళ్లు, పల్నాడులో కత్తులు తీసేవాళ్లు. పేరుకు రాష్ట్ర పార్టీ, గుర్తు విత్తనాల గొర్రు. గెలిచింది ఒక్క ఎమ్మెల్యే. ఆ మహానుభావుడూ ఏడాది తిరక్కుండా కండువా మార్చాడు. మిగిలినవాళ్లను ఎలక్షనుకు కొందరు చొప్పున పెద్ద పార్టీవాళ్లు నరికేశారు.

అయినా చచ్చినవాణ్ణి ఈ పార్టీ వదిలేది కాదు. మీటింగులో అతని కుర్చీ అతనిదే, దాని మీద అతని తువ్వాలు. హాజరు పిలిస్తే అతని తాలూకు మనిషి లేచి "ఉన్నాడు" అనాలి. జైల్లో ఉన్నవాడికైనా అదే పద్ధతి. నవ్వేవాళ్లు నవ్వుకోనీ, జైనాబ్ బీకి ఆ మాట అన్నరోజే అన్నం సయించేది. గురజాలలో పోలింగు బూతు దగ్గర చంపేసిన మొగుడు జిలానీ ఆ కాసేపూ పక్కన కూర్చున్నట్టే ఉండేది.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో పార్టీని ఆ పెద్ద పార్టీలోనే కలిపెయ్యడానికి నరసరావుపేట ఆఫీసులో మీటింగు పెట్టారు. ముందురోజు అధ్యక్షుడు త్రికోటేశ్వరరావు జైనాబ్ బీ ఇంటికొచ్చాడు.

"హాజరైనోళ్లలో సగానికి పైగా చెయ్యెత్తకపోతే విలీనం చెల్లదంట చెల్లెమ్మా. చచ్చినోళ్లు చెయ్యెత్తరు గదా. మనకు వాళ్లే చానామంది. రేపు జిలానీని పిలిస్తే లేడని చెప్పు."

"ఎట్టా చెప్పమంటావన్నా?"

"చెబితే సాయంత్రానికి సుభానీ ఇంట్లో ఉంటాడు. కేసు ఎత్తేయిస్తామని ఆ పెద్ద పార్టీవోళ్లు మాటిచ్చారు."

సుభానీ ఆమె ఒక్కగానొక్క కొడుకు, చెయ్యని హత్యకు జైల్లో మగ్గుతున్నాడు. ఇక ఆ తల్లి ఏమంటుంది? సరేనంది. అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం హాజరు మొదలైంది. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, తల దించుకుని "లేడు" అంటున్నారు. అన్నప్పుడల్లా ఆ చచ్చినవాడి కుర్చీ మీది తువ్వాలు జారి కిందపడుతోంది. వంగి తీసే ధైర్యం ఎవరికీ లేదు.

"షేక్ జిలానీ."

"లేడు," అంది జైనాబ్ బీ.

తువ్వాలు జారలేదు. పక్కనున్న జిలానీ కుర్చీ మాత్రం కిర్రుమంది, కూర్చున్న మనిషి తనవైపు తిరిగినట్టు. ఆమె అటు చూడలేదు. చూస్తే బిడ్డ ఇంటికి రాడేమోనని భయం.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "షేక్ సుభానీ."

కొడుకు తరఫున పలకడానికి ఆమె నోరు తెరిచింది. ఈలోపే పక్క కుర్చీలోంచి, బీడీలకు బొంగురుపోయిన గొంతు నింపాదిగా పలికింది.

"ఉన్నాడు. నా దగ్గరే ఉన్నాడు."

హాలంతా విన్నది. అధ్యక్షుడు హాజరు పుస్తకం మూసేశాడు. జైనాబ్ బీ ఆ కుర్చీని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడే మెట్లెక్కి వచ్చిన కానిస్టేబులు టోపీ తీసి చేత పట్టుకుని, సుభానీ వాళ్లమ్మ ఎవరని అడిగాడు.