సుందరమ్మగారి మెస్సులో మడతపడని ఆకు

ఆదివారం పొద్దున్న ఏడు కొట్టేసరికి భవానీపురంలో విశ్వేశ్వర్ కారు బయల్దేరేది. వారంలో ఆరు రోజులు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి ఏడో రోజు ఇడ్లీకీ, పెసరట్టుకీ, ముద్దపప్పుకీ మార్కులు వేసేవాడు. వందకి ఇన్ని అని, ఎక్కడ ఎందుకు తగ్గించాడో కూడా రాసి, 'ఆదివారం ఆకలి' అనే వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. అందులో మూడొందల పైచిలుకు సభ్యులు. అతను తొంభై వేశాడంటే మరుసటి ఆదివారానికి ఆ హోటల్ ముందు కార్లు నిలబెట్టడానికి చోటుండేది కాదు. యాభై వేస్తే ఓనరు ఫోన్ చేసి, "మాస్టారూ, ఇంకోసారి వచ్చి చూడండి" అని బతిమాలేవాడు. అలా బతిమాలించుకోవడం విశ్వేశ్వర్‌కి ఇష్టమే, కాకపోతే ఆ సంగతి పైకి ఒప్పుకునేవాడు కాదు.

మామూలు వారాల్లో వెనక సీట్లో సంజీవరావు ఉండేవాడు. అదే కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు, ఏది పెట్టినా తింటాడు, దేనికీ మార్కులు వెయ్యడు. నెలకో ఆదివారం మాత్రం విశ్వేశ్వర్, అతని భార్య రాగిణి ఇద్దరే మోపిదేవి వెళ్ళేవాళ్ళు. సుబ్రహ్మణ్యస్వామికి రాగిణి భర్త పేరున పూజ చేయించేది. దానికి గంటన్నర పట్టేది. పూజయ్యాక చల్లపల్లి వైపు కొద్ది దూరంలో ఉన్న సుందరమ్మగారి మెస్సులో భోంచేసి వచ్చేవాళ్ళు.

సుందరమ్మగారి పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. భర్త పోయాక, ఉన్న పెంకుటింటి ముందు గదిలో నాలుగు బల్లలు వేసి మెస్సు మొదలుపెట్టింది. పప్పు, కూర, రోటి పచ్చడి, పులుసు, కుండలో తోడేసిన పెరుగు. అరిటాకులు కృష్ణ లంకల్లోంచి వచ్చేవి. భోజనమయ్యాక ఆకుని మనవైపుకి మడుస్తాం కదా, ఆ మెస్సులో తిండి గురించి మనసులో ఉన్నది చెబితేనే ఆకు మడతపడేది. కూరలో ఉప్పెక్కువైందని నాలుకకి తెలుస్తున్నా మొహమాటానికి "బ్రహ్మాండంగా ఉందండీ" అంటే, మడిచిన ఆకు మళ్ళీ మెల్లిగా తెరుచుకునేది. రాళ్ళు పెట్టినా, చెంబు పెట్టినా అంతే. ఒకసారి ఒక తాసీల్దారుగారు సాంబారుని తెగ పొగిడి, పావుగంటసేపు ఆకుతో కుస్తీ పట్టి, చివరికి చెమటలు తుడుచుకుంటూ "కాస్త నీళ్ళగా ఉందమ్మా" అన్నాడు. ఆకు మడతపడింది, ఆయన చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు సాంబారు చిక్కబడింది. ఆర్టీసీ డ్రైవర్లు అయితే పెద్దగా ఆలోచించేవాళ్ళు కాదు, ఉన్నదున్నట్టు అనేసి ఆకు మడిచి బస్సెక్కేవాళ్ళు. కొందరి స్కూటరు రెండో తన్నుకి స్టార్టవుతుంది, కొందరి తలుపు ఎత్తి తోస్తే గాని పడదు, ఆ మెస్సులో ఆకులు అలాంటివి అనుకునేవాళ్ళు. విశ్వేశ్వర్ ఆ మెస్సుకి తొంభై నాలుగు వేశాడు. అతని జీవితంలో అదే పెద్ద మార్కు.

అదే పెద్ద మార్కు అనడం కూడా పూర్తి నిజం కాదు. రాగిణి పూజలో కూర్చున్న గంటన్నరా, "అలా కరకట్ట మీద ఏరు చూసొస్తా" అని చెప్పి విశ్వేశ్వర్ వెళ్ళేది పులిగడ్డకి. అక్కడ శౌరమ్మ హోటలుంది. తాటాకుల పాక, రెండు బల్లలు. ఆదివారం చర్చిలో పూజ ముగించుకుని వచ్చి పదకొండింటికి పొయ్యి వెలిగించేది. ఆవిడ చేపల పులుసు వాసన తగిలితే విశ్వేశ్వర్‌కి వంశం, గోత్రం ఏవీ గుర్తుండేవి కావు. ఆరేళ్ళుగా తింటున్నాడు. తిన్నాక నిమ్మకాయతో చెయ్యి రుద్దుకుని, వక్కపొడి వేసుకుని గుడి దగ్గరికి వచ్చేవాడు. గ్రూపులో ఆ హోటల్ గురించి ఒక్క ముక్క రాయలేదు.

నిరుడు నాగుల చవితి ఆదివారం నాడు వచ్చింది. మోపిదేవిలో ఇసకేస్తే రాలనంత జనం. రాగిణికి ఉపవాసం. పుట్టలో పాలు పోసే వరసలో నిలబడి, "నాకెలాగూ ఆలస్యమవుతుంది. మీకు షుగరు, ఆగలేరు. వెళ్ళి సుందరమ్మగారి దగ్గర భోంచేసి రండి" అంది. అతను తలూపి, కారు పులిగడ్డ వైపు తిప్పాడు.

ఆ రోజు బొమ్మిడాయిల పులుసు. పొద్దుటినుంచీ ఖాళీ కడుపు, అడిగేవాళ్ళు లేరు. నాలుగుసార్లు వేయించుకున్నాడు. "చాల్లెండి మేష్టారూ, కారంగా ఉంది, పడదు" అని శౌరమ్మ అన్నా వినలేదు. తప్పు పులుసుది కాదు, అతని ఆబది. తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దగ్గర కారాపి వాంతి చేసుకున్నాడు. అక్కణ్ణుంచి రాగిణే నడిపింది. బెజవాడలో నర్సింగ్ హోమ్‌లో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరు, "ఏం తిన్నారండీ?" అనడిగాడు. మంచం పక్కన రాగిణి నిలబడి ఉంది. పొద్దుటినుంచీ నోట్లో నీళ్ళు కూడా పోసుకోలేదు, నుదుట పుట్టమన్ను బొట్టు అలాగే ఉంది.

"మోపిదేవి దారిలో మెస్సులో భోజనం చేశాను" అన్నాడు విశ్వేశ్వర్. డాక్టరు ఇంకా చూస్తున్నాడు. "పెరుగు కాస్త తేడాగా అనిపించింది."

అంతే. అంత చిన్న మాట. మర్నాడు చూడ్డానికి వచ్చిన సంజీవరావు గ్రూపులో రాశాడు: 'మన మాస్టారికి సుందరమ్మగారి మెస్సులో పెరుగు తిని ఫుడ్ పాయిజన్. సభ్యులు గమనించగలరు.' కింద వందమంది, త్వరగా కోలుకోండి మాస్టారూ అన్నారు. విశ్వేశ్వర్ దండం బొమ్మ పెట్టాడు. కాదని రాద్దామని రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఏమని రాస్తాడు? నాగుల చవితి పూట ఎక్కడ, ఏం తిన్నాడని రాస్తాడు? ఫోను పక్కన పెట్టేశాడు.

ఆ ముక్క ఆ గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి వెళ్ళింది. రెండు నెలల్లో మెస్సు ముందు కార్లు ఆగడం మానేశాయి. తర్వాత బస్సులూ అంతే. విశ్వేశ్వర్ పొట్ట బాగోలేదని వంక పెట్టి మోపిదేవి ప్రయాణం ఎగ్గొడుతూ వచ్చాడు. క్లాసులో పిల్లవాడెవడైనా లెక్క తప్పుచేసి జవాబు మాత్రం కాపీ కొట్టి రాస్తే, ఇదివరకు తిట్టేవాడు. ఇప్పుడు తిట్టడానికి నోరు రావడం లేదు.

మాఘమాసంలో ఒక శనివారం సంజీవరావు స్టాఫ్ రూములో చెప్పాడు. "సుందరమ్మగారు మెస్సు మూసేస్తున్నారట మాస్టారూ. రేపే ఆఖరు. గన్నవరంలో ఏదో హాస్టల్లో వంటకి కుదిరారట. మనం ఒకసారి వెళ్ళి భోంచేసి వద్దాం. మీ మనసులో ఏం లేదని ఆవిడకి తెలిస్తే బాగుంటుంది."

ఇంటికెళ్తే రాగిణి కూడా, "వెళ్దాం" అంది. తన మీద నింద వేసిన మనిషి పెద్దమనసు చేసుకుని వచ్చాడని సుందరమ్మ సంతోషించాలన్నమాట. విశ్వేశ్వర్‌కి ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం మెస్సులో వాళ్ళు ముగ్గురే. సుందరమ్మ ఎదురొచ్చి, "ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగింది. చిక్కిపోయింది. ఆకులు కడిగి వేసి, వంకాయ కూర, గోంగూర, మామిడల్లం పప్పు, ముక్కల పులుసు, ఒక్కొక్కటీ కొసరి కొసరి వడ్డించింది. పెరుగు దగ్గరికి వచ్చేసరికి గరిటె పట్టుకుని ఆగిపోయింది. "వెయ్యమంటారా?" అంది. "వెయ్యండి" అన్నాడు విశ్వేశ్వర్, తలెత్తకుండా. గడ్డపెరుగు. మీగడతో సహా అంతా తిన్నాడు. ఎప్పటిలాగే ఉంది. అలా ఉండడమే అతనికి నరకంగా ఉంది.

ముందు సంజీవరావు లేచాడు. "పులుసులో బెల్లం ఒక పిసరు ఎక్కువైందండీ, మిగతావన్నీ బాగున్నాయి" అని ఆకు మడిచాడు. మడతపడింది. రాగిణి ఆకు మడిచి, దాని మీద ఎడంచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది. విశ్వేశ్వర్ తన ఆకు మడిచాడు. చెయ్యి తియ్యగానే తెరుచుకుంది.

"ఏదో నచ్చలేదు మాస్టారికి" అని నవ్వాడు సంజీవరావు. "చెప్పెయ్యండి, మొహమాటమెందుకు."

"కూరలో ఉప్పు తగ్గింది" అన్నాడు విశ్వేశ్వర్. తగ్గలేదు. ఆకు మరింత బారుగా పరుచుకుంది.

"అన్నీ బాగున్నాయి. పెరుగుతో సహా." అది నిజమే. అయినా ఆకు కదల్లేదు. ఆ వంట గురించి ఇంకా ఏదో దాచుకున్నవాడికి అది ఎలా లొంగుతుంది? అతని చెవులు వేడెక్కాయి. పరీక్ష హాల్లో చీటీతో పట్టుబడ్డ పిల్లవాడిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సుందరమ్మ పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి, ఎదురుగా నిలబడింది.

"పెరుగేనా మాస్టారూ? చెప్పండి, పర్లేదు. ఆ చవితి రోజు మీరొచ్చినట్టు నాకు గుర్తే లేదు. జనంలో గమనించలేదేమో అనుకున్నాను. మీలాంటివారు ఊరికే అనరు కదా. పాలు పోసే అతన్ని మాన్పించాను. కుండలన్నీ పగలగొట్టి కొత్తవి తెచ్చాను. రోజూ నేనూ ఆకేసుకుని పెరుగన్నం తిని, బాగుంది అంటాను. మూణ్ణెల్లయింది, నా ఆకు మడతపడదు. నా మాట మీద నాకే నమ్మకం లేనప్పుడు ఇంకొకళ్ళకి ఎలా వడ్డిస్తానండీ? అందుకే మూసేస్తున్నా. జనం రావట్లేదని కాదు."

కేవలం బేరాలు పోగొట్టాననుకున్నాడు విశ్వేశ్వర్ ఇన్నాళ్ళూ. ఆవిడ నాలుకనే ఆవిడకి కాకుండా చేశానని అప్పుడు తెలిసింది.

"మీరు గమనించకపోవడం కాదండీ" అన్నాడు. "నేనసలు రాలేదు. ఆ రోజు పులిగడ్డలో శౌరమ్మగారి హోటల్లో చేపల పులుసు తిన్నాను. నాలుగుసార్లు వేయించుకుని తిన్నాను. డాక్టరు అడిగితే, పక్కన మా ఆవిడ ఉంటే, నోటికొచ్చింది మీ పెరుగు. తర్వాత దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు."

ఆకు దానంతటదే అతనివైపుకి మడతపడింది. దాన్ని ఎవరూ చూడలేదు, అందరూ రాగిణిని చూస్తున్నారు. ఆమె తన ఆకు మీంచి చెయ్యి తీసింది. ఆకు మెల్లిగా తెరుచుకుంది. ఇందాకటినుంచీ బలవంతాన నొక్కిపట్టి కూర్చుంది.

"నాకు ఆ రోజే తెలుసు" అంది రాగిణి. "వాంతి చేసుకున్న చొక్కా ఉతికింది నేనే. పెరుగు వాసనేదో, చేప వాసనేదో నాకు తెలియదా? ఆయన పేరున పుట్టలో పాలు పోసి వచ్చిన రోజున ఈ మాట నలుగురికీ తెలిస్తే ఎలా అనుకున్నాను. మీ పెరుగు పాడైందనుకోవడమే నాకు సులువుగా ఉంది, సుందరమ్మగారూ." అప్పుడు ఆమె ఆకు కూడా మడతపడింది.

గమనించగలరు అని రాసిన సంజీవరావు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. సుందరమ్మ అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అని విశ్వేశ్వర్ చూశాడు. ఏది చేసినా తనకి కాస్త తేలికపడేది. ఆవిడ ఒకటే అడిగింది.

"ఆవిడ పులుసు బాగుంటుందా?"

"బాగుంటుంది."

"ఎన్నాళ్ళనుంచి తింటున్నారు?"

"ఆరేళ్ళు."

"మరి దానికి మార్కులు వెయ్యలేదేం?"

విశ్వేశ్వర్ ఎడంచేత్తో ఫోను తీసి, అక్కడే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గ్రూపులో రాశాడు. 'నాగుల చవితి రోజు నేను సుందరమ్మగారి మెస్సుకి వెళ్ళలేదు. పెరుగు మాట అబద్ధం. పులిగడ్డ శౌరమ్మగారి చేపల పులుసు అతిగా తిని పడ్డాను. ఆ పులుసుకి తొంభై ఆరు. ఆరేళ్ళ కిందటే రాయాల్సింది.' పంపించాక చదివి వినిపించాడు. బల్ల మీద ఫోను అదేపనిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరేమన్నారో చూడ్డానికి ధైర్యం చాల్లేదు, బోర్లా తిప్పి పెట్టాడు.

సుందరమ్మ ఈ లోపు లోపలికెళ్ళి ఒక ఆకు తెచ్చుకుంది. పక్క బల్ల దగ్గర కూర్చుంది. రాగిణి చెయ్యి కడుక్కుని వచ్చి, అడక్కుండానే అన్నం పెట్టి, పెరుగు వేసింది. సుందరమ్మ కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది. తర్వాత ముద్దలు తొందరతొందరగా తింది. ఆకంతా ఊడ్చి, "బాగుంది" అంది, ఎవరితోనూ కాదు. ఆకు మడిచి చెయ్యి తీసింది. అది అలాగే ఉండిపోయింది. ఆవిడ దానివంక చూస్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గన్నవరం వాళ్ళకి ఫోన్ చెయ్యాలి, నేను రావడం లేదని" అంది రాగిణితో.

విశ్వేశ్వర్ లేచాడు. తన ఆకు తీశాడు, రాగిణిది తీశాడు, సంజీవరావుది తీశాడు. సుందరమ్మ బల్ల దగ్గరికి వచ్చి, ఆవిడ తిన్న ఆకు మీద చెయ్యి వేశాడు. మీరు తియ్యకూడదు మాస్టారూ, అంటుందని ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ అనలేదు. పక్కకి జరిగి, తీసుకోనిచ్చింది. నాలుగు ఎంగిలాకులూ రెండు చేతుల్లో పట్టుకుని అతను పెరట్లోకి నడిచాడు.