తోడు మట్టి

జిన్నారం దగ్గరి మందుల ఫ్యాక్టరీలో ఓదెలు తోటమాలి. పెద్దసారు ముచ్చటపడి కొండల నుంచి తెప్పించిన పైన్ మొక్కలు అతని చేతుల్లోనే పసుపెక్కిపోతున్నాయి. అవి పోతే నీ కొలువూ పోతుందని సూపర్‌వైజర్ శివశంకర్ చెప్పేశాడు. ఈ వయసులో ఇంకో కొలువు ఎవరిస్తారు? ఓదెలుకు అన్నం సహించడం లేదు.

పాపం, అతను చేయని సేవ లేదు. ఎండాకాలంలో కుండీలు మారుస్తుంటే మొక్కల వేళ్ల నిండా తెల్లటి బూజు కనిపించింది. వరి పండించిన చేతులాయె, తెగులును చూసి ఊరుకుంటాయా? వేళ్లన్నీ కడిగి, మందులో ముంచి, చెరువు మట్టిలో నాటి, యూరియా కూడా చల్లాడు. ఒక్క కుండీ మాత్రం మిగిలింది. బాయిలర్ వెనకున్న ఆ బరువు మోయడానికి ఒళ్లు వంగక, రేపు చూద్దాంలే అనుకున్నాడు. ఓదెలు చెప్పే ఆ రేపు ఎప్పుడొస్తుందో అతని భార్య బక్కమ్మనే అడగాలి.

తోట పని మీద అజమాయిషీకి కొత్తగా చేరిన మహిత ఒక వాడిన మొక్కను పీకి చూసింది.

"కాకా, వేళ్లకు తెల్లగ దారాల్లెక్క ఏమన్న ఉండెనా?"

"ఉండె మేడమ్. మొత్తం కడిగేసిన," అన్నాడు ఓదెలు గొప్పగా.

మహిత తల పట్టుకుంది. "అది తెగులు కాదు కాకా. ఈ చెట్టు వేళ్లు మొద్దుగుంటయి, సన్న సందులల్లకు పోవు. ఆ బూజే పోయి నీళ్లు, సత్తువ తెచ్చిస్తది. చెట్టు ఆకుల్ల చేసుకున్న తీపిల దానికి వాటా ఇస్తది. నువ్వు అన్నం తెచ్చేటోళ్లనే ఎల్లగొట్టినవ్."

ఓదెలు ఆ వాడిన మొక్కను చేతిలోకి తీసుకున్నాడు. "ఇగ బతకయా?"

"కడగనిది ఒక్కటన్న మిగిలిందా?"

సిగ్గుపడుతూ బాయిలర్ వెనక్కి తీసుకెళ్లాడు. అతని బద్ధకమంతా అక్కడ పచ్చగా నిగనిగలాడుతోంది. మహిత మట్టి గీకింది. తెల్ల దారాలు.

"ఈ మట్టి పిడికెడు పిడికెడు అన్నిటి వేళ్లకాడ పెట్టు. యూరియా బంద్."

"పాలల్ల తోడేసినట్టా?"

"గట్లనే."

ఇంట్లో చెబితే బక్కమ్మ నవ్వింది. "తోడుకునేదాక గిన్నె కదపకు మరి."

వానలు వచ్చి వెళ్లాయి. దసరా ముందు ఒక పొద్దున ఒక మొక్క కొసన సూదుల్లాంటి లేత ఆకులు కనిపించాయి. వారం తిరిగేసరికి వరసంతా చిగురేసింది. ఓదెలు కుండీల మధ్యే కూలబడి, హమ్మయ్య అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాత్రి అడిగి మరీ అన్నం వడ్డించుకున్నాడు.

మర్నాడు శివశంకర్ వచ్చి అంతా చూసి తలూపాడు. "అన్ని మంచిగైనయ్ ఓదెలూ. బాయిలర్ ఎనకది ఒక్కటే పాత కుండీల ఉన్నది. దాన్ని గూడ కడిగి మార్చు."

"రేపు చూద్దాం సార్," అన్నాడు ఓదెలు.